పొలంలో నెమళ్ళు పెంచుకోవచ్చా? అమెరికాలో కుదిరేది ఇక్కడ ఎందుకు కుదరదు

క్లుప్తంగా: ఇండియాలో నెమలిని ఇంట్లో గానీ తోటలో గానీ పెంచడం నేరం, తెల్ల నెమలైనా అంతే. అమెరికాలో చాలా చోట్ల కొని పెంచుకోవచ్చు, కాకపోతే అసలు తిప్పలన్నీ కొన్నాకే మొదలవుతాయి. ఎగిరిపోకుండా అలవాటు చెయ్యాలి, కోళ్ళ నుంచి అంటే జబ్బు ఒకటుంది, అరుపులతో పక్కింటోళ్ళతో పేచీ ఒకటుంది. మన దగ్గర పొలం ఉన్నవాళ్ళకి ఉన్న దారి, నెమలి తనంతట తానే వచ్చి ఉండేలా కాస్త చోటు వదలడం.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు

హైదరాబాద్ చుట్టూ చేవెళ్ళ, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు అరెకరమో ఎకరమో కొని చిన్న ఇల్లు వేసుకునేవాళ్ళు పెరిగారు. గట్టు మీద కొబ్బరి చెట్లు, ఒక ఆవు, పది నాటుకోళ్ళు అయ్యాక ఆలోచన నెమలి మీదకి పోతుంది. ఇంకోపక్క డాలస్, ఆస్టిన్ శివార్లలో ఎకరాల స్థలంతో ఇళ్ళు కొన్న తెలుగువాళ్ళ వీడియోల్లో నెమళ్ళు దర్జాగా డ్రైవ్‌వే మీద పురి విప్పుకుని తిరుగుతుంటాయి, అవి చూసి ఇక్కడి చుట్టాలు మనమూ ఒక జత తెచ్చుకుందామా అంటారు. అక్కడ పెంచితే ఇక్కడ ఎందుకు పెంచకూడదు అనేది న్యాయమైన ప్రశ్నే.

దీనికి తోడు వార్తలు. 2024 ఆగస్టులో సిరిసిల్ల జిల్లాలో ఒక యూట్యూబర్ నెమలి కూర వండే పద్ధతి అంటూ వీడియో పెడితే కేసైంది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి భూముల్లో చెట్లు కొట్టేస్తుంటే నెమళ్ళు అరుస్తున్నాయంటూ వీడియోలు తెగ తిరిగాయి, వాటిలో ఏఐతో చేసినవి ఉన్నాయని ప్రభుత్వం అంది, చెట్ల నరికివేతని సుప్రీంకోర్టు ఆపింది. అదే టైంలో ఊళ్ళల్లో రైతులు మాత్రం నెమళ్ళు వేసిన గింజ వేసినట్టే ఏరుకు తినేస్తున్నాయి అని మొత్తుకుంటున్నారు. ఒకే పక్షి మీద ఇన్ని రకాల మాటలు వినిపిస్తే ఏది తప్పు ఏది ఒప్పు అనే గందరగోళం రావడం సహజం.

ఒకే పక్షి, రెండు చట్టాలు

నెమలి మన జాతీయ పక్షి అయింది 1963లో. అందుకే పెంచకూడదు అనుకుంటారు చాలామంది. నిజానికి అడ్డుపడేది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. పులి, ఏనుగు ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే నెమలి కూడా ఉంది. ఈ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం, వల వెయ్యడం, ఎర పెట్టడం, పక్షుల విషయంలో అయితే గుడ్లు పాడుచెయ్యడం, గూడు కదిలించడం కూడా వేట లెక్కే. ఊళ్ళల్లో అప్పుడప్పుడూ చేనులో దొరికిన నెమలి గుడ్లు తెచ్చి పొదుగుడు కోడి కింద పెడతారు, ఎవరికీ హాని చెయ్యలేదు కదా పిల్లలు చేశాం కదా అనుకుంటారు, చట్టం దృష్టిలో అదీ నేరమే. మొదటి షెడ్యూల్ జంతువు విషయంలో శిక్ష 3 నుంచి 7 ఏళ్ళ జైలు, పైన కనీసం 25 వేల జరిమానా. 2022 సవరణకి ముందు ఈ కనీస జరిమానా 10 వేలు ఉండేది. అలా పట్టిన, పెంచిన పక్షి ప్రభుత్వ ఆస్తి అయిపోతుంది, స్వాధీనం చేసుకుని తీసుకెళ్తారు.

"నేను పట్టలేదు, డబ్బిచ్చి కొన్నాను" అన్నా లాభం లేదు. గుర్తింపు ఉన్న జూలు పెంచుతాయి గానీ, నెమలి పిల్లల్ని జనానికి అమ్మే ప్రైవేటు ఫారాలకి చట్టంలో చోటు లేదు. అంటే సోషల్ మీడియాలో కనిపించే నెమలి గుడ్లు, పిల్లల అమ్మకం పోస్టులకి రెండే అర్థాలు, ఒకటి దొంగ సరుకు, రెండు అడ్వాన్స్ తీసుకుని ఫోన్ ఆపేసే బేరం.

మరి పక్షే వచ్చి మన దగ్గర ఉండిపోతే? దీనికి దగ్గరి ఉదాహరణ ఉత్తరప్రదేశ్‌లో జరిగింది. అమేథీ జిల్లాలో ఒకాయన పొలంలో గాయపడ్డ సారస్ కొంగకి వైద్యం చేస్తే అది నయమయ్యాక కూడా ఆయన్ని వదలకుండా బైక్ వెంట ఎగురుతూ తిరిగింది, దేశమంతా ఆ వీడియోలు చూసి మురిసిపోయింది, 2023 మార్చిలో ఫారెస్ట్ వాళ్ళు వచ్చి దాన్ని తీసుకెళ్ళారు, అది చివరికి కాన్పూర్ జూకి చేరింది, ఆయన మీద కేసు పెట్టారు. బోనులో పెట్టలేదు, కట్టెయ్యలేదు, అయినా అంతే. మనసుకి ఎలా ఉన్నా చట్టం నడిచే తీరు ఇది.

ఇక అమెరికా సంగతి. అక్కడ నెమలి పరాయి పక్షి. అక్కడి పక్షుల్ని కాపాడే 1918 నాటి వలస పక్షుల చట్టం స్థానిక జాతులకే వర్తిస్తుంది. దాంతో వినడానికి వింతగా ఉండే పరిస్థితి వచ్చింది. పెరట్లో రాలిన రాబిన్ పిట్ట ఈక తీసి దాచుకోవడం అక్కడ నేరం, నెమలిని మాత్రం మొత్తంగా కొనుక్కుని షెడ్డులో పెట్టుకోవచ్చు. మన దగ్గరా ఇదే తర్కం తిరగేసి పనిచేస్తుంది, రామచిలకని పంజరంలో పెడితే నేరం, బ్రెజిల్ నుంచి వచ్చిన జాతి మకావ్‌ని కాగితాలు రిజిస్ట్రేషన్ సరిగా ఉంటే ఉంచుకోవచ్చు. ఏ దేశమైనా ముందు తన అడవిలో బతికే దాన్ని కాపాడుకుంటుంది, ఎందుకంటే పెంపకానికి అనుమతి ఇచ్చేస్తే షెడ్డులో పుట్టిన పక్షి ఏదో అడవిలో పట్టుకొచ్చిన పక్షి ఏదో కనిపెట్టడం ఎవరి వల్లా కాదు.

ఈకల విషయంలో చిన్న వెసులుబాటు ఉంది. వాటంతట అవి రాలిన తోక ఈకల్ని దేశంలో ఉంచుకోవచ్చు, అమ్మొచ్చు. కృష్ణుడి బొమ్మకి పెట్టే పింఛం, జాతరల్లో విసనకర్రలు ఈ వెసులుబాటు కిందే అమ్ముతారు. ఎగుమతి మాత్రం నిషేధం. అమెరికా వెళ్తూ సూట్‌కేసులో పింఛాల కట్ట సర్దుకునేవాళ్ళకి ఈ సంగతి తెలియదు, ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు ఆపే వస్తువుల్లో అదీ ఒకటి.

తెల్ల నెమలి ఫారిన్‌ది కాదు

ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడేది ఈ విషయంలోనే. తెల్ల నెమలి వేరే జాతి, విదేశీ జాతి, కాబట్టి పెంచొచ్చు అని అమ్మేవాళ్ళు చెప్తారు. అది మన నెమలే, జన్యువులో తేడా వల్ల ఈకలకి రంగు రాలేదు అంతే. అమెరికాలో పెంచేవాళ్ళు ఇలాంటి తేడాల్ని తరతరాలుగా జతకట్టించి నల్ల భుజాలవి, మచ్చలవి, కామియో, ఊదా, కంచు రంగువి ఇలా బోలెడన్ని తయారుచేశారు, అన్నీ ఒకే జాతి. షెడ్యూల్‌లో ఉన్నది జాతి పేరు, రంగు పేరు కాదు.

ప్రపంచంలో నెమలి జాతులు మూడే. మన నీలం నెమలి, బర్మా నుంచి జావా దాకా ఉండే ఆకుపచ్చ నెమలి, ఆఫ్రికాలో కాంగో నెమలి. ఆకుపచ్చది అడవుల్లో అంతరించే దశకి దగ్గర్లో ఉంది. నీలానికి ఆకుపచ్చకి పుట్టిన సంకరాన్ని అమెరికాలో స్పాల్డింగ్ అంటారు, కాళ్ళు పొడుగు, ధర ఎక్కువ, చలికి తట్టుకునేది తక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అక్కడి అనుభవజ్ఞులు చెప్పేది మామూలు నీలం నెమలి తీసుకోమనే.

అమెరికాలో మొదలుపెట్టే ముందు

అక్కడ చాలా రాష్ట్రాల్లో నెమలికి విడిగా పర్మిట్ అక్కర్లేదు. ఆపేది కౌంటీ (మన జిల్లా లాంటిది) రూల్స్, ఏ స్థలంలో ఏం చెయ్యొచ్చో చెప్పే సిటీ జోనింగ్, అన్నిటికంటే ముందు హెచ్‌ఓఏ, అంటే కాలనీలో ఇళ్ళ యజమానుల సంఘం. రెండెకరాలు ఉన్నా హెచ్‌ఓఏ కాగితంలో పౌల్ట్రీ వద్దు అని ఒక్క లైన్ ఉంటే కథ అక్కడితో అయిపోయినట్టే. అందుకే ఇల్లు కొనేటప్పుడే చూసుకోవడం మేలు.

రూల్స్ ఒప్పుకున్నా తర్వాత వచ్చేది అరుపు. మార్చి నుంచి ఆగస్టు దాకా, జత కట్టే సీజన్‌లో, మగ నెమలి తెల్లారుజామున, పొద్దుగూకే వేళ, ఒక్కోసారి అర్ధరాత్రి కూడా అరుస్తుంది. కారు తలుపు దబ్బుమన్నా, ఉరిమినా, దూరంగా ఇంకో నెమలి అరిచినా జవాబిస్తుంది. మన ఊళ్ళల్లో ఆ కేక వింటే వాన వస్తుందనుకుని సంబరపడతాం, అక్కడ పక్కింటాయన పోలీసులకి ఫోన్ చేస్తాడు, దూరం నుంచి వింటే మనిషి సాయం కోసం అరిచినట్టే ఉంటుంది మరి. ఎకరం స్థలంలో ఈ శబ్దం గోడ దాటకుండా ఆపే ఉపాయం ఏదీ లేదు. ఎకరాలు ఎక్కువుండి, ఇళ్ళు దూరదూరంగా ఉన్నచోటే ఇది సాఫీగా నడుస్తుంది.

కారు గురించి ఇంకో మాట. సీజన్‌లో మగది నున్నగా మెరిసే కారు తలుపులో తన ప్రతిబింబం చూసి ఇంకో మగ నెమలి తన జాగాలోకి వచ్చిందనుకుంటుంది. ముందు మెడ సాచి అటూ ఇటూ తిరుగుతుంది, తర్వాత ముక్కుతో పొడవడం, కాలి ముల్లుతో ఎగిరి తన్నడం మొదలెడుతుంది, గంట తర్వాత వచ్చి చూస్తే తలుపు కింది సగమంతా గీతలు. గ్యారేజీలో పెట్టడం లేదంటే కవర్ వెయ్యడం తప్ప మార్గం లేదు. అతిథుల కారైతే ఇంకా ఇబ్బంది.

ధర విషయానికొస్తే మామూలు రంగు పిల్లలు కొన్ని పదుల డాలర్లకే దొరుకుతాయి, పెద్దవైతే వందల్లో, అరుదైన రంగులు వేలల్లో. ఒక మగదానికి రెండు మూడు పెట్టలు లెక్క. రెండు మగవాటిని ఒకే షెడ్డులో పెడితే సీజన్ రాగానే రక్తాలు కారేలా కొట్టుకుంటాయి. ఒంటరి పక్షిని కొనడం కూడా తప్పే, తోడు వెతుక్కుంటూ పోతుంది. పూర్తి పింఛం కావాలంటే మగది మూడో ఏడులోకి రావాలి, పెట్ట రెండో ఏడు నుంచి గుడ్లు పెడుతుంది. బాగా చూసుకుంటే 20 ఏళ్ళ దాకా బతుకుతాయి. పిల్లలకి ముచ్చటని కొన్న పక్షి ఆ పిల్లలు కాలేజీ ముగించి ఉద్యోగంలో చేరాక కూడా పెరట్లో అరుస్తూనే ఉంటుందన్నమాట.

షెడ్డులో కొలతల వెనక కారణాలు

కోళ్ళ షెడ్డుని కాస్త పెద్దది చేస్తే సరిపోతుంది అనుకుంటారు, సరిపోదు. విప్పిన పురి అడ్డంగా ఆరేడు అడుగులు వస్తుంది, అందుకని వెడల్పు 8 అడుగులకి తగ్గకూడదు, పక్షికి 100 చదరపు అడుగులు అనేది అక్కడ ఎక్కువమంది చెప్పే లెక్క. ఎత్తు మనిషి నిలబడి తిరిగేంత ఉండాలి, ఎందుకంటే శుభ్రం చెయ్యాల్సింది మనిషే. పైకప్పుకి గట్టి ఇనుప జాలీ కాకుండా మెత్తటి నైలాన్ వల వేస్తారు. నెమలి బెదిరితే పక్కకి పరిగెత్తదు, నిట్టనిలువుగా పైకి లేస్తుంది, గట్టి జాలీకి తల తగిలితే నెత్తి చర్మం ఊడొస్తుంది, మెడ విరిగినా విరుగుతుంది. వల అయితే సాగి తోసేస్తుంది. మంచు పడే రాష్ట్రాల్లో ఆ వల మీద మంచు పేరుకుని కూలే ప్రమాదం ఉంటుంది, కాబట్టి అక్కడ కర్రతో దులుపుతూ ఉండాలి.

రాత్రి కూచునే కర్ర దగ్గర చాలామంది తప్పు చేస్తారు. గుండ్రటి కర్ర వద్దు, రెండు అంగుళాలు నాలుగు అంగుళాల చెక్కని వెడల్పు పక్క పైకి వచ్చేలా వెయ్యాలి. అలా వేస్తే వేళ్ళు చాచి కూచుంటుంది, పొట్ట ఈకలు వేళ్ళ మీద దుప్పటిలా పడతాయి, చలికి వేళ్ళు చచ్చుబడవు. గోడకి ఆనించి కూడా వెయ్యకూడదు, మూడు నాలుగు అడుగుల ఎడం ఉండాలి, లేదంటే మగదాని తోక రాత్రంతా గోడకి రాసుకుని ఉదయానికి కొసలు విరిగి చీపురు కట్టలా తయారవుతుంది. అంత ఖర్చుపెట్టి పెంచేది ఆ తోక చూడ్డానికేగా.

ఆ తోక కూడా ఏడాదంతా ఉండదు. సుమారు 150 కళ్ళ ఈకలు సీజన్ అయ్యాక ఆగస్టు ప్రాంతంలో రోజుకి కొన్ని చొప్పున రాలిపోతాయి, మళ్ళీ పూర్తిగా రావడానికి నెలలు పడుతుంది. కొత్తగా పెంచేవాళ్ళు జబ్బు చేసిందేమోనని కంగారుపడతారు. ఏమీ కాదు, ఏరి పెట్టుకోవడమే.

పక్కల జాలీ కింద భాగం నేలలోకి పాతడం రకూన్లు (ముందు కాళ్ళని చేతుల్లా వాడే అక్కడి అడవి జంతువులు), కొయోటీలు (నక్క లాంటివి), కుక్కలు తవ్వకుండా. రకూన్ చెయ్యి పెట్టి లోపలి పక్షిని లాగగలదు కాబట్టి కింద కన్నాలు చిన్నగా ఉండాలి.

వదిలేముందు మూడు నెలలు

వీడియోల్లో కనిపించని భాగం ఇది. కొన్న నెమలిని తెచ్చిన వారంలో పెరట్లో వదిలితే అది పోతుంది, దాదాపు ఖాయం. దానికి మనిషితో అనుబంధం కంటే జాగాతో అనుబంధం ఎక్కువ. రాత్రి ఎక్కడ ఎక్కి పడుకోవాలి, మేత ఎక్కడ దొరుకుతుంది, ప్రమాదం ఏ వైపు నుంచి వస్తుంది అనే పటం దాని బుర్రలో తయారవ్వాలి. ఆ పటం పాత యజమాని ఇంటిదే ఉంటే అటు వెతుక్కుంటూ పోతుంది. పెద్ద పక్షుల కంటే ఏడాది లోపు పిల్లల్ని కొనమనేది ఇందుకే.

అందుకని కనీసం ఆరు వారాలు, ఎక్కువమంది మూడు నెలలు, బయట అంతా కనిపించే షెడ్డులోనే ఉంచుతారు. గోడలన్నీ మూసేసిన గదిలో ఉంచితే బయటి పరిసరం అలవాటు కాదు, ఉంచీ లాభం లేదు. తర్వాత వదిలేటప్పుడు అన్నిటినీ ఒకేసారి వదలరు. సాయంత్రం మేత వెయ్యకముందు, పొద్దుగూకడానికి ఒక గంట ఉందనగా, ఒక పెట్టనో రెండిటినో బయటికి వదులుతారు. మిగతావి లోపలే ఉంటాయి. బయటికి వచ్చినదానికి ఆకలి ఒకపక్క, లోపల తోటివాళ్ళు ఇంకోపక్క, చీకటి పడుతోంది, ఎక్కి పడుకునే కర్ర లోపలే ఉంది, ఇక తిరిగొచ్చేస్తుంది. ఇలా మార్చి మార్చి కొన్నాళ్ళు చేశాక తలుపు తీసి ఉంచినా ఫర్లేదు. రెక్క కత్తిరిస్తే చాలు కదా అంటారు, కత్తిరించిన రెక్కతో కంచె మీదకి ఎగబాకి అవతలికి దూకగలదు, కొయోటీ వస్తే చెట్టెక్కలేదు. అంటే పారిపోవడం ఆగదు, ప్రాణం కాపాడుకోవడం మాత్రం ఆగిపోతుంది.

కోడి మోసే జబ్బు

నెమళ్ళు ఎక్కువగా చచ్చేది ఏ జంతువో పట్టుకుపోయి అనుకుంటాం గానీ, కొత్తవాళ్ళ దగ్గర అసలు దెబ్బ కొట్టేది పక్కనున్న నాటుకోడి. బ్లాక్‌హెడ్ అనే ఈ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి సొంతంగా బయట ఎక్కువసేపు బతకలేదు. కోడి పేగుల్లో ఉండే ఒక చిన్న నులిపురుగు గుడ్డులో దాక్కుంటుంది. ఆ గుడ్లు కోడి రెట్టలో నేలకి చేరతాయి, మట్టిలో ఏళ్ళ తరబడి చెడిపోకుండా ఉంటాయి, వానపాములు వాటిని మింగుతాయి, వాన పడ్డాక నెమలి ఆ వానపాముని ఇష్టంగా తింటుంది. కోడికి పెద్దగా ఏమీ కాదు, హాయిగా తిరుగుతుంది. నెమలికి, టర్కీకి మాత్రం కాలేయం పుండ్లు పడిపోతుంది, రెట్ట గంధకం రంగులో పసుపుగా వస్తుంది, పిల్లలైతే రోజుల్లో పోతాయి.

ఇంకో చిక్కు ఏంటంటే మందు. అమెరికాలో దీన్ని నివారించడానికి వాడే నైటార్సోన్ ఆర్సెనిక్ ఆధారిత మందు కావడంతో 2015 చివర్లో మార్కెట్ నుంచి తీసేశారు, తర్వాత ఈ జబ్బుకి అక్కడ ఆమోదం ఉన్న మందంటూ లేకుండా పోయింది. మిగిలింది ఆ నులిపురుగునే క్రమం తప్పకుండా వదిలించడం, దానికి వెటర్నరీ డాక్టర్ చెప్పిన మోతాదులో ఫెన్‌బెండజోల్ లాంటివి వాడతారు. కోళ్ళు తిరిగిన నేలలో నెమళ్ళని పెట్టకపోవడం అన్నిటికంటే ముఖ్యం. ఇక్కడే పాత పద్ధతికీ దీనికీ తకరారు వస్తుంది, నెమలి గుడ్లు పొదగడానికి నాటుకోడిని మించిన తల్లి లేదు, కానీ ఆ తల్లే పిల్లలకి జబ్బు అంటించొచ్చు. అందుకే ఎక్కువమంది ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీల దగ్గర 28 రోజులు పొదిగించి, పిల్లల్ని నేల తగలకుండా అడుగున జాలీ ఉన్న బ్రూడర్‌లో (పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలో) పెంచుతారు.

దాణా సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. పిల్లలకి మామూలు కోడిపిల్లల దాణా చాలదు, 28 శాతం దాకా ప్రోటీన్ ఉండే గేమ్ బర్డ్ స్టార్టర్ (నెమలి, టర్కీ లాంటి పక్షుల పిల్లల దాణా) కావాలి, పెద్దయ్యాక 16 నుంచి 20 శాతం సరిపోతుంది. చేత్తో మరీ ముద్దుగా పెంచిన మగ పిల్ల పెద్దయ్యాక మనిషిని చూసి బెదరదు, పోటీదారు అనుకుని మీదకి ఎగురుతుంది, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఇది ఆలోచించాల్సిన విషయం. 2022 నుంచి అమెరికాలో బర్డ్ ఫ్లూ తగ్గకపోవడంతో, పరీక్షలు చేయించి ఎన్‌పీఐపీ (పెంపుడు పక్షుల్లో జబ్బుల్లేవని చూసే అక్కడి ప్రభుత్వ పథకం) సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ దగ్గరే కొనమనేది కూడా మామూలు సలహా అయింది.

వదిలేసినవి ఊరేగితే

సరిగ్గా కట్టడి చెయ్యకపోతే వందేళ్ళ తర్వాత ఏమవుతుందో చూడాలంటే లాస్ ఏంజెలెస్ పక్కన ఆర్కేడియా ఉంది. 19వ శతాబ్దం చివర్లో లక్కీ బాల్డ్విన్ అనే భూస్వామి తన ఎస్టేట్ కోసం ఇండియా నుంచి నెమళ్ళు తెప్పించాడు. ఎస్టేట్ పోయింది, నెమళ్ళు మిగిలాయి, ఇప్పుడు ఇళ్ళ కప్పుల మీద, రోడ్ల మధ్యలో తిరుగుతుంటాయి. సగం ఊరు వాటిని తమ గుర్తుగా చూసుకుంటుంది, మిగతా సగం తోటలు పాడవుతున్నాయని, నిద్ర ఉండట్లేదని గొడవ. 2021లో ఆ కౌంటీ బోర్డు నెమళ్ళకి మేత వెయ్యడాన్ని నిషేధించే వైపు ఓటేసింది. కారణం సులువే, తేరగా మేత దొరికే చోట సంఖ్య పెరుగుతుంది.

ఫ్లోరిడాలో మయామీ దగ్గరి పైన్‌క్రెస్ట్ వాళ్ళు ఇంకో దారి ఎంచుకున్నారు, మగ నెమళ్ళకి వేసెక్టమీ. నవ్వొచ్చినా దాని వెనక లెక్క ఉంది. ఒక మగది చుట్టూ చాలా పెట్టలు చేరతాయి, వేరే మగదాన్ని రానివ్వదు. దాన్ని చంపితే ఆ జాగాలోకి ఇంకోటి వస్తుంది. ఆపరేషన్ చేసి వదిలితే జాగా అలాగే కాపలా కాస్తుంది, పెట్టలు గుడ్లు పెడతాయి, వాటి నుంచి పిల్లలు రావు.

మన పొలం దగ్గరికి వస్తే

తెలుగు రాష్ట్రాల్లో నెమలి కోసం కొనుక్కునే అవసరం తక్కువ, ఎందుకంటే వాటి సంఖ్య బాగా పెరిగింది. 2023లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదికలో నెమలి వేగంగా విస్తరిస్తున్న వాటిలో ఉంది, ఒకప్పుడు కనిపించని కేరళ తడి ప్రాంతాల్లో కూడా ఇప్పుడు తిరుగుతోంది. వేట తగ్గడం, నక్కలు లాంటివి తగ్గడం, చెరువు కింద కాలవ కింద ఏడాది పొడుగునా గింజ దొరకడం, ఇవన్నీ కలిసొచ్చాయి. హైదరాబాద్ నడిబొడ్డున కేబీఆర్ పార్కులో, పటాన్‌చెరు ఇక్రిశాట్ క్యాంపస్‌లో ఎవరూ పెంచకుండానే గుంపులుగా ఉన్నాయి. ఆ చోట్లని గమనిస్తే కిటుకు తెలుస్తుంది, ముళ్ళ పొదలు, రాత్రి ఎక్కడానికి పొడుగు చెట్లు, మధ్యలో పురి విప్పడానికి కాస్త ఖాళీ, నీళ్ళు, వీధికుక్కల బెడద తక్కువ.

ఫామ్‌హౌస్ వాళ్ళు చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. కొనగానే జేసీబీ పెట్టి తుమ్మ, రేగు, బలుసు పొదలన్నీ పీకించి, లాన్ వేసి, నాలుగువైపులా ప్రహరీ కట్టి, కాపలాకి రెండు కుక్కల్ని తెచ్చి, తర్వాత నెమళ్ళు లేవేంటి అంటారు. పెట్ట నేల మీదే, పొద మొదట్లో చిన్న గుంత చేసి నాలుగు నుంచి ఎనిమిది గుడ్లు పెడుతుంది, పొద లేకపోతే గూడు లేదు. ఒక మూల పది గుంటలు (పావెకరం) ముట్టుకోకుండా వదిలితే అయ్యే ఖర్చు సున్నా. రోజూ గింజలు చల్లి అలవాటు చెయ్యడం మాత్రం మంచిది కాదు, ఒకేచోట గుంపు చేరితే కుక్కలు కాపు కాస్తాయి, పక్క చేనుకి నష్టం పెరుగుతుంది, ఎర పెట్టారనే మాట కూడా రావొచ్చు.

పక్క చేను సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. వేరుశనగ, కంది, వరి నారుమడి, మొలకెత్తే ఏ గింజైనా నెమలి వరస పట్టుకుని ఏరుతుంది. 2016లో గోవాలో వ్యవసాయ మంత్రే నెమళ్ళని పంటకి హాని చేసేవాటి లిస్టులో పెట్టే ఆలోచన బయటపెట్టి పెద్ద దుమారం రేపారు. విత్తనశుద్ధి చేసిన గింజలు తిని నెమళ్ళు గుంపుగా చచ్చిపడిన వార్తలు ఏటా విత్తే కాలంలో వస్తుంటాయి. చాలాసార్లు అది కావాలని పెట్టిన విషం కాదు, మందు కలిపిన విత్తనం పైపైన పడి ఉండటం. విత్తాక మట్టి సరిగ్గా కప్పడం, మిగిలిన మందు గింజల్ని గట్టు మీద పారబోయకుండా పాతేయడం, ఈ రెండిటితో చాలావరకు ఆగుతుంది.

పెరట్లో తిరిగే అందమైన పక్షి కావాలి, చట్టం గొడవ వద్దు అనుకుంటే గినీ కోళ్ళు ఉన్నాయి. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ కాదంబరి, చితాంబరి, శ్వేతాంబరి అని మూడు రకాలు తయారుచేసింది. పురి విప్పవు, కానీ ఎవరైనా కొత్తవాళ్ళు గేటు దాటితే నెమలికి తగ్గకుండా గోల చేస్తాయి, పురుగుల్ని ఏరుకు తింటాయి, ఎండకి తట్టుకుంటాయి.

పొలంలో నెమలి గూడు కనిపిస్తే చెయ్యాల్సింది, దాదాపు 28 రోజులు ఆ పొద చుట్టూ దున్నకుండా, కలుపు మందు కొట్టకుండా, కుక్కని కట్టేసి ఉంచడం. గాయపడ్డ పక్షి దొరికితే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి ఫారెస్ట్ ఆఫీసుకి అదే రోజు ఫోన్ చేసి, ఫోన్ చేసిన టైం, మాట్లాడిన ఉద్యోగి పేరు రాసి పెట్టుకోవాలి. నయమయ్యేదాకా మనమే ఉంచుకుందాం అనుకుంటేనే అమేథీలో జరిగింది జరుగుతుంది.